నవాబ్ జఫర్ జంగ్ బహదూర్: జీవితము – కాలసేవ

కాలం కంటికి కనబడదు, చేతికి చిక్కదు. అయినప్పటికీ మానవుని లౌకిక వ్యవహారమంతా దాని మీదనే నడుస్తున్నది. మన పూర్వులు అడుగున సన్నని రంధ్రం గల గడియకుడుకను నీటి మీద వదలి, అది నిండి మునిగినంత కాలాన్ని ఒక గడియగా లెక్కించారు. గడియ అనగా 24 నిమిషాలు. అందులో అరవయ్యవ వంతు విఘడియ, అనగా 24 సెకన్లు. ఆనాడు ఒక గ్రామానికి ఒక గడియకుడుక చాలినది. పొరుగూరి గడియకుడుక కొంచెం ముందుగా మునిగినా, వెనుకగా మునిగినా ఎవరికీ నష్టం లేదు.

ఊరికీ ఊరికీ నడుమ రైలు వచ్చిన నాడు ఈ నిశ్చింత పోయింది. తంతి వచ్చిన తరువాత మరింత పోయింది. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి సంభాషించే ఈ కాలంలో రెండు గడియారాల మధ్య వచ్చే వేయవ వంతు సెకను తేడా కూడా గొప్ప చిక్కులను తెచ్చిపెడుతున్నది. ఒక గడియారం తనంతట తాను చక్కగా నడిస్తే చాలదు. అన్ని గడియారాలూ ఒకే ప్రమాణానికి లోబడి నడవాలి. ఆ ప్రమాణాన్ని ఎక్కడి నుండి తేవాలి, ఎవరు కాపాడాలి అన్నదే అసలు సమస్య.

హైదరాబాదు నగరంలో నక్షత్రాలను చూచి కాలాన్ని కొలిచే ఒక శాస్త్రసంస్థకు తన స్వంత ధనంతో పునాది వేసి, దానిని ప్రజలకు వదలి వెళ్ళిన మహనీయుడు నవాబ్ జఫర్ జంగ్ బహదూర్. నిజామియా వేధశాల పేరు చాలామంది వినియున్నారు. దాని స్థాపకుని జీవితాన్ని తెలిసినవారు మాత్రం తక్కువ. ఆ జీవితాన్ని విద్యార్థిలోకం ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వంశము – పరిసరము

జఫర్ జంగ్ సుప్రసిద్ధమైన పాయిగా వంశానికి చెందినవారు. అసఫ్‌జాహీ ప్రభువుల తరువాత అంతటి స్థానం గల కుటుంబం హైదరాబాదు రాజ్యంలో మరొకటి లేదు. నిజాం ప్రభువుల ఆడబడుచులను ఈ వంశం వారికిచ్చి వివాహం చేసే సంప్రదాయం ఉండేది. సైన్యాన్ని పోషించే బాధ్యతకు ప్రతిగా వారికి విశాలమైన జాగీరులు లభించాయి. హుస్సేనీ ఆలంలోని గొప్ప దేవిడీకి ఎవరి పేరు నిలిచి ఉన్నదో ఆ ఖుర్షీద్ జా కుమారుడే జఫర్ జంగ్. ఆయన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వంలో సైనిక శాఖకు మంత్రిగా పనిచేశారు.

పాయిగా ప్రభువుల కట్టడాలు నగరపు తూర్పు, ఆగ్నేయ దిక్కులలో విస్తరించి ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్ చేరువలో, మలక్‌పేట గుట్ట మీద కనిపించే ఆస్మాన్‌గఢ్ ఆ వంశీయుడైన ఆస్మాన్ జా కట్టించినదే. దిల్‌సుఖ్‌నగర్ నుండి నైరుతి దిక్కుగా మూడు నాలుగు కిలోమీటర్లు పోతే సంతోష్‌నగర్ వద్ద ఫిసల్‌బండ వస్తుంది. సున్నపు పనితనానికి పేరుపొందిన పాయిగా సమాధులు ఉన్నది అక్కడనే. ఫిసల్ అన్నది ఉర్దూ మాట, బండ అన్నది తెలుగు మాట. రెండూ కలిస్తే జారుడుబండ. రెండు భాషలు ఒకే పేరులో ఒదిగిన ఈ స్థలంలో జఫర్ జంగ్‌కు ఎస్టేటు ఉండేది. మన నగర ఖగోళశాస్త్ర చరిత్ర అక్కడనే ఆరంభమైంది.

నగరంలో గడియారాలు

ఆయన జీవించిన కాలాన్ని అర్థం చేసుకొంటే గాని ఆయన చేసిన పని విలువ తెలియదు. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలుమార్గం తెరవబడింది. ఆనాడు రైళ్ళు మద్రాసు కాలాన్ని అనుసరించేవి. 1792లో నెలకొల్పబడిన మద్రాసు వేధశాల నక్షత్రాలను చూచి కాలాన్ని నిర్ణయించగా, అది ప్రతిదినం తంతి ద్వారా దేశంలోని తంతి కార్యాలయాలకు అందేది. మద్రాసు మన నగరానికి తూర్పున ఉన్నందువలన అక్కడ మధ్యాహ్నమైన సుమారు ఏడు నిమిషాలకు గాని ఇక్కడ సూర్యుడు నడినెత్తికి రాడు. అనగా సూర్యుని చూచి పనిచేసుకొనే హైదరాబాదు పౌరుడు ఆ ఏడు నిమిషాల సంగతి ఎరుగకపోతే స్టేషనుకు పోయేసరికి రైలు వెళ్ళిపోయి ఉండేది. ఒకే నగరంలో రెండు కాలాలు!

నగరంలో గడియారాలకు మాత్రం కొరత లేదు. 1889లో చార్మినారుకు నాలుగు వైపులా గడియారాలు అమర్చారు. 1892లో మహబూబ్ చౌక్ గడియార స్తంభం లేచింది. అవి నగరానికి అలంకారాలు, ప్రజలకు ఉపకరణాలు. కాని ఎంత ఎత్తైన స్తంభం మీద పెట్టినా గడియారం గడియారమే. వేసవి వేడికి దాని లోలకపు కడ్డీ సాగుతుంది, చలికి కుదించుకుంటుంది. నూనె ఎండుతుంది, దుమ్ము చేరుతుంది. దినానికి కొన్ని సెకన్ల వంతున తప్పుతూ పోతుంది. దానిని సరిదిద్దడానికి మరొక గడియారం కావాలి. ఆ గడియారాన్ని సరిదిద్దడానికి ఇంకొకటి. ఈ పరంపర చివరకు ఆకాశంలో గాని ఆగదు. ఒక నక్షత్రం మధ్యాహ్నరేఖను దాటిన క్షణాన్ని గుర్తించి, మరునాటి రాత్రి అది మళ్ళీ దాటే వరకు గడచిన కాలాన్ని కొలిస్తే భూమి ఒక చుట్టు తిరిగిన కాలం తెలుస్తుంది. అణుగడియారాలు రాకముందు లోకంలోని గడియారాలన్నిటికీ ఇదే మూల ప్రమాణం. అందుచేతనే వేధశాల లేని నగరం కాలం కొరకు పొరుగు నగరం వైపు చూడవలసివచ్చేది.

తెలుగు సీమలో ఈ సంగతి ముందే గ్రహించినవారు లేకపోలేదు. విశాఖపట్టణంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు 1840 ప్రాంతంలో తన స్వంత వేధశాలను స్థాపించారు. ఆయన తరువాత అంకితం వెంకట నరసింగరావు దానిని పోషించి, గ్రహణాలనూ, 1874లో సూర్యబింబం మీదుగా సాగిన శుక్రగ్రహ సంక్రమణాన్నీ పరిశీలించారు. ఆ పట్టణ ప్రజలకు కాలాన్ని తెలిపే సేవను కూడా ఆ వేధశాల నిర్వహించింది. సముద్రతీరంలో జమీందారులు చేసిన పనికి సాటి రాదగిన పని దక్కనులో జఫర్ జంగ్ చేతులమీదుగా జరిగింది.

వేధశాల స్థాపన

జఫర్ జంగ్ ఇంగ్లండులో విద్యాభ్యాసం చేశారు. ఖగోళశాస్త్రం మీద అభిరుచి ఆయనను జీవితాంతం వదలలేదు. ఆ కాలపు ప్రభువులు ఐరోపా నుండి అద్దాలు, దీపవృక్షాలు, గుర్రపు బండ్లు తెప్పించుకొనేవారు. ఈయన తెప్పించినవి దూరదర్శినులు. అందులో ముఖ్యమైనది డబ్లిన్ నగరపు గ్రబ్ సంస్థ నిర్మించిన 15 అంగుళాల వక్రీభవన దూరదర్శిని. 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాలను నెలకొల్పారు.

తాను కట్టిన దానికి తన పేరు పెట్టుకొనడం లోకసహజం. జఫర్ జంగ్ నిజాం ప్రభువు అనుమతిని అర్థించి దానికి నిజామియా అని పేరు పెట్టారు. అంతకంటె దూరదృష్టి గల కోరిక మరొకటి వెలిబుచ్చారు. తన అనంతరం వేధశాలను ప్రభుత్వం స్వీకరించి నడిపించాలని ఆయన కోరారు. ఈ రెండవ కోరికలోనే ఆయన వివేకం కనబడుతున్నది. నక్షత్రాల పని ఒక మనుష్యుని ఆయుస్సుతో ముగిసేది కాదు. ఈనాడు కొలిచిన స్థానాన్ని యాభై ఏండ్లకో, నూరేండ్లకో మళ్ళీ కొలిస్తే గాని నక్షత్రం కదలిక తెలియదు. అటువంటి పనిని వారసుల అభిరుచికి వదలివేస్తే ఒక్క తరంలోనే పరికరాలు చెల్లాచెదరవుతాయి.

1906 జనవరి 1వ తేదీన భారతదేశానికి ఒకే ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. తూర్పు రేఖాంశం 82 డిగ్రీల 30 నిమిషాలను ఆధారం చేసుకొని గ్రీనిచ్ కాలానికి ఐదున్నర గంటలు ముందుగా దానిని నిర్ణయించారు. మన నగరపు సూర్యకాలం దానికి పదహారు నిమిషాలు వెనుక. దేశమంతటా గడియారాలను ఒక్కటి చేసే మహాప్రయత్నం ఆ విధంగా మొదలైన మరుసటి ఏడే, 1907లో, జఫర్ జంగ్ కన్నుమూశారు. తాను నాటిన మొక్క నీడను ఆయన అనుభవించలేదు. వేధశాలలో క్రమబద్ధమైన పరిశోధన ఆయన మరణానంతరమే ఆరంభమైంది.

మరణానంతర జీవితము

కొందరి జీవితచరిత్ర మరణంతో ముగియదు. జఫర్ జంగ్ కోరిన ప్రకారం 1908లో నిజాం ప్రభుత్వం వేధశాలను స్వీకరించింది. ఆర్థర్ చాట్‌వుడ్ మొదటి డైరెక్టరుగా వచ్చారు. వేధశాల ఫిసల్‌బండ నుండి బేగంపేటకు తరలింది. అప్పటికి ప్రపంచంలోని వేధశాలలు కొన్ని చేతులు కలిపి ఒక బృహత్కార్యాన్ని తలకెత్తుకొని ఉన్నాయి. 1887లో పారిస్‌లో జరిగిన సభలో ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలలోకి ఎక్కించాలని తీర్మానించి, ఆకాశాన్ని పట్టీలుగా విభజించి పంచుకొన్నారు. హైదరాబాదుకు దక్షిణ ఖగోళంలో 17 నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీ లభించింది. గ్రీనిచ్, పారిస్, వాటికన్ వేధశాలల సరసన మన నగరం పేరు నిలిచింది.

ఈ పనిలో కాలం ఎంతటి పాత్ర వహించిందో విద్యార్థులు గమనించాలి. భూభ్రమణం వలన నక్షత్రం ఒక్క సెకనులో 15 వికలలు జరుగుతుంది. ఈ పథకంలో ఛాయాఫలకం మీద ఒక మిల్లీమీటరు ఆకాశంలో 60 వికలలకు సమానం. అనగా దూరదర్శినిని తిప్పే గడియారయంత్రం ఒక్క సెకను వెనుకబడితే నక్షత్రబింబం పావు మిల్లీమీటరు జరిగి, చుక్కగా ఉండవలసినది గీతగా మారుతుంది. అందుచేత యంత్రాన్ని భూమితో సమంగా నడిపించాలి. చిత్రం తీసిన తేదీనీ, కాలాన్నీ తప్పకుండా వ్రాసి ఉంచాలి.

1914లో రాబర్ట్ పోకాక్ డైరెక్టరుగా వచ్చిన పిమ్మట చిత్రీకరణ జోరందుకొన్నది. 1918లో ఆయన మరణించగా టి. పి. భాస్కరన్ బాధ్యత స్వీకరించి 1944 వరకు నడిపించారు. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. దక్షిణ పట్టీ చిత్రాలు 1929 వరకు తీశారు. జర్మనీలోని పోట్స్‌డామ్ వేధశాల పూర్తి చేయలేకపోయిన ఉత్తర పట్టీలో కొంత భాగాన్ని, 36 నుండి 39 డిగ్రీల వరకు, 1928 నుండి 1938 వరకు హైదరాబాదే పూర్తి చేసింది. మొత్తం మీద ఏడు లక్షలకు మించిన నక్షత్రస్థానాలు ప్రకటింపబడ్డాయి.

ఆ సంపుటాలు చాలాకాలం అలమారలలో ఉండిపోయాయి. 1989లో ఐరోపావారు హిపార్కస్ అనే ఉపగ్రహాన్ని పంపి నక్షత్రస్థానాలను అపూర్వమైన సూక్ష్మతతో కొలిచారు. నేటి స్థానం తెలిసింది. నాటి స్థానం కావాలి. అప్పుడు పండితులు ఆ పాత సంపుటాలను వెదకి తెచ్చుకొన్నారు. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో సుమారు 25 లక్షల నక్షత్రాల చలనాలు ఉన్నాయి. వాటిని గణించడానికి హైదరాబాదు చిత్రాలు కూడా ఆధారమైనాయి. తేదీ, కాలం వ్రాయని చిత్రమైతే దానిని ఎవరూ ముట్టుకొనేవారు కారు. కాలం చక్కగా నమోదైన పరిశీలన, దానిని చేసినవాడు గతించినా, ఇంకా పుట్టని శాస్త్రజ్ఞునికి ఉపకరిస్తుంది.

వేధశాల విస్తరణ మన తూర్పు ప్రాంతం వైపుకే వచ్చింది. ఎల్.బి. నగర్ నుండి నాగార్జునసాగర్ దారిన పోయి, ఇబ్రహీంపట్నం దాటితే రంగాపూర్ సమీపంలో 1968లో 48 అంగుళాల దూరదర్శినితో జపాల్–రంగాపూర్ వేధశాల ఏర్పడింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి దేశదేశాల పండితులు అక్కడికి వచ్చారు. సూర్యుడు పూర్తిగా మరుగుపడేది కొద్ది నిమిషాలే. ఆ నిమిషాలలో ఒక్క సెకను కూడా వృథా కాకుండా అన్ని పరికరాలూ ఒకే కాలానికి లోబడి పనిచేయవలసిందే.

నేటి కాలసమన్వయము

జఫర్ జంగ్ నాటి సమస్యే నేడు మరొక రూపంలో మన ముందు నిలిచింది. ప్రతి కంప్యూటరులోనూ ఒక స్ఫటిక గడియారం ఉంటుంది. చార్మినారు గడియారం వలెనే అది కూడా వేడికి, వయస్సుకు లోబడి తప్పుతుంది. వేల యంత్రాలు ఒకే పని చేసేటప్పుడు ఎవరి గడియారం వారిదైతే, బ్యాంకులో డబ్బు జమ కావడానికి ముందే ఖర్చయినట్లు కనబడవచ్చు. అందుచేత యంత్రాలు పరస్పరం కాలాన్ని అడిగి తెలుసుకొనే ఒక నియమావళిని అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ మిల్స్ రూపొందించారు. అది 1985లో ప్రకటితమైంది.

అందులోని ఉపాయం సులభమైనది. ఒక యంత్రం తన గడియారంలో సరిగ్గా పది గంటలకు ప్రశ్న పంపినదనుకొందాం. అవతలి ప్రమాణయంత్రం తన గడియారంలో పది గంటల 7 సెకన్లకు దానిని అందుకొని, 8 సెకన్లకు జవాబు పంపింది. ఆ జవాబు మొదటి యంత్రానికి దాని గడియారం ప్రకారం పది గంటల 3 సెకన్లకు చేరింది. పోయేటప్పుడు కనబడిన తేడా 7. వచ్చేటప్పుడు కనబడిన తేడా 8లో నుండి 3 పోగా 5. ఈ రెంటి సగటు 6. కనుక మొదటి గడియారం 6 సెకన్లు వెనుకబడి ఉన్నది. ప్రయాణానికి పోను ఒక సెకను, రాను ఒక సెకను పట్టినది. రాకపోకలకు సమానమైన కాలం పట్టినంతవరకు ఈ లెక్క తప్పదు. ఆ రెండూ సమానం కానప్పుడు వాటి తేడాలో సగం పొరపాటు మిగులుతుంది. అందుకే ఒక్కసారి అడిగి ఊరుకోక, పలుమార్లు, పలువురిని అడిగి, తక్కువ ఆలస్యంతో వచ్చిన జవాబును ఎక్కువగా నమ్ముతారు.

ఇందులో కూడా ఒక గురుశిష్య పరంపర ఉన్నది. పై మెట్టు మీద అణుగడియారం. దానిని నేరుగా చూచే యంత్రం ఒకటవ శ్రేణి. దానిని అడిగేది రెండవ శ్రేణి. మన దేశంలో ఆ మూల ప్రమాణాన్ని ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల కాపాడుతున్నది. నక్షత్రం ఉన్న చోట అణువు నిలిచింది. తంతి ఉన్న చోట యంత్రజాలం వచ్చింది. ప్రమాణం ఒకటి ఉండాలి, దానిని నమ్మకంగా అందరికీ అందించాలి అన్న సూత్రం మాత్రం మారలేదు.

దీని ప్రయోజనానికి దూరం పోనక్కరలేదు. ఎల్.బి. నగర్‌కు పొరుగున, ఉప్పల్ మార్గంలో 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఉన్నది. భూకంప తరంగం భూమి పైపొరలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పయనిస్తుంది. వేరువేరు కేంద్రాలకు అది చేరిన క్షణాలను పోల్చి భూకంప కేంద్రాన్ని గుర్తిస్తారు. ఒక కేంద్రంలోని గడియారం ఒక్క సెకను తప్పితే అక్కడి నుండి లెక్కించిన దూరం ఆరు కిలోమీటర్లు తప్పుతుంది. ఆ పొరపాటు సహాయం ఏ గ్రామానికి ముందుగా పోవాలన్న నిర్ణయాన్ని కూడా తప్పుదారి పట్టించగలదు.

ఆయన మనకు నేర్పిన పాఠము

పాయిగా ప్రభువుల ఐశ్వర్యం చరిత్రలో కలిసిపోయింది. జాగీరులు 1949లో రద్దయినాయి. జఫర్ జంగ్ తనకొరకు ఉంచుకొన్నదానిలో లోకానికి తెలిసినది స్వల్పం. ప్రజలకు ఇచ్చిన వేధశాల వలన మాత్రం ఆయన పేరు ఖగోళశాస్త్ర చరిత్రలో నిలిచింది. ఆయన గొప్ప సిద్ధాంతాన్ని కనిపెట్టలేదు. కనిపెట్టేవారికి కావలసిన ప్రమాణాన్నీ, పరికరాన్నీ, అన్నిటికంటె మిన్నగా కొనసాగింపునూ సమకూర్చారు. ఒక ముస్లిం ప్రభువు స్థాపించగా, ఆంగ్ల శాస్త్రజ్ఞులు ఆరంభించగా, హిందూ శాస్త్రజ్ఞుడు ముందుకు నడిపించిన ఈ పని మన నగర సంస్కారానికి నిదర్శనం.

విద్యార్థులు ఈ జీవితం నుండి గ్రహించవలసినది ఆచరణకు కష్టమైనది కాదు. ప్రయోగశాలలో కొలత వ్రాసిన ప్రతిసారీ పక్కన తేదీని, సమయాన్ని వ్రాయండి. గడియారాన్ని సరిచూచుకొన్న తరువాతనే ప్రయోగం మొదలుపెట్టండి. కళాశాలను నడిపే పెద్దలు కూడా ఒక సంగతి ఆలోచించాలి. ఒక పరికరాన్ని కొనడం ఒకనాటి పని. దానిని మనుష్యులు మారినా మారకుండా నడిపించే ఏర్పాటు చేయడం తరాల పని. జఫర్ జంగ్ మొదటిదానితో తృప్తిపడి ఉంటే ఫిసల్‌బండలో ఒక నవాబు ముచ్చట మాత్రమే మిగిలేది. రెండవదానిని కూడా తలచినందువలననే, ఆయన కన్నుమూసి నూరేండ్లు దాటినా, ఆయన వేధశాల వ్రాసి ఉంచిన క్షణాలు నేటి నక్షత్ర గణితంలో ఇంకా లెక్కకు వస్తున్నాయి.